ప్రహరీ దాటిన పద్దు: విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు

(స్మారకోపన్యాస పాఠం)

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2015 సెప్టెంబరు 25న ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పదిహేడు, వాటి కింద నిర్దేశించిన గమ్యాలు 169. ఇవి 2016 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. వీటికి గడువు 2030. ఆమోదించినవి 193 సభ్యదేశాలే తప్ప విశ్వవిద్యాలయాలు కావు గనుక, పేదరికం, ఆకలి, ఆరోగ్యం, విద్య, నీరు, ఇంధనం, శ్రమ, అసమానత, వాతావరణం, అడవులు మొదలైన పద్దులన్నీ ఒక దేశాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినవే. వాటిని కొన్ని వందల ఎకరాల ప్రాంగణానికి, కొన్ని వేలమంది విద్యార్థులు, ఉద్యోగులు ఉండే సంస్థకు అన్వయించాలనుకున్నప్పుడు మొట్టమొదట ఎదురయ్యేది హద్దుల సమస్య. దేశానికి సరిహద్దు ఉంది, దాని లోపలి లెక్కలన్నీ ప్రభుత్వానివే. ప్రాంగణానికి ప్రహరీ ఉంటుంది గాని, లోపల వెలిగే దీపానికి బొగ్గు ఎక్కడో మండుతుంది, లోపల తాగే నీరు ఇంకెక్కడి నదిదో అయి ఉంటుంది, లోపల పారవేసిన చెత్త మరొక ఊరి పొలిమేరలో గుట్టపడుతుంది, లోపల ఊడ్చే మనిషి జీతం మాత్రం బయటి కాంట్రాక్టరు పద్దులో ఉంటుంది. లెక్క ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారన్నదే ఒక విశ్వవిద్యాలయం చెప్పుకొనే పర్యావరణ ఘనతలో నిజమెంతో తేలుస్తుందన్నది ఈ ఉపన్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

సుస్థిరాభివృద్ధి అన్న భావనకు నేడు వాడుకలో ఉన్న నిర్వచనం 1987లో బ్రంట్‌లాండ్ సంఘం నివేదికతో స్థిరపడింది: నేటి తరం తన అవసరాలను తీర్చుకొనే తీరు రాబోయే తరాలు తమ అవసరాలను తీర్చుకొనే శక్తికి భంగం కలిగించకూడదన్నది దాని సారాంశం. విశ్వవిద్యాలయాలు ఈ బాధ్యతను సంస్థలుగా తలకెత్తుకోవడం 1990లో ఫ్రాన్సులోని తలువార్ పట్టణంలో కుదిరిన పది అంశాల ప్రకటనతో మొదలైందని సాధారణంగా చెబుతారు. అయితే విద్యాసంస్థ తన ప్రహరీని దాటి చుట్టుపక్కల నేల బాగోగులను పట్టించుకోవాలన్న ఆలోచన అంతకుముందు లేనిది కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1922లో శాంతినికేతనానికి సమీపంలో శ్రీనికేతనాన్ని నెలకొల్పి వ్యవసాయాన్ని, గ్రామీణ పరిశ్రమలను, పల్లెల ఆరోగ్యాన్ని విద్యలో భాగం చేసినప్పుడు, 1928లో వృక్షారోపణ ఉత్సవాన్ని ప్రారంభించినప్పుడు ఆ పనులకు లక్ష్యసంఖ్యలు గాని, రంగురంగుల చిహ్నాలు గాని లేవు. ఇప్పుడవి ఉన్నాయి, ఇబ్బంది కూడా కొంత అక్కడే ఉంది. అనేక సంస్థలలో లక్ష్యాల ఆచరణ అంటే ఇప్పటికే జరుగుతున్న పనులకు తగిన చిహ్నాన్ని వెతికి అతికించడమే అవుతున్నది. రక్తదాన శిబిరం మూడవ లక్ష్యం కిందికి, మహిళా దినోత్సవం అయిదవ లక్ష్యం కిందికి, మొక్కలు నాటిన ఫొటో పదిహేనవ లక్ష్యం కిందికి చేరి, పని ఏమాత్రం మారకుండానే నివేదిక నిండిపోతుంది.

ఈ ధోరణికి ర్యాంకుల పద్ధతి కూడా ఊతమిచ్చింది. టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ సంస్థ 2019 నుంచి ప్రకటిస్తున్న ప్రభావ ర్యాంకులలో భాగస్వామ్యాలకు సంబంధించిన పదిహేడవ లక్ష్యం అందరికీ తప్పనిసరి; దానికి 22 శాతం విలువ. మిగిలిన వాటిలో సంస్థకు ఎక్కువ మార్కులు వచ్చిన మూడు లక్ష్యాలను తీసుకొని, ఒక్కొక్కదానికి 26 శాతం చొప్పున కలిపి మొత్తం స్థానాన్ని నిర్ణయిస్తారు. ఏ దేశంలోని సంస్థ అయినా తన బలాన్ని చూపుకోగలగాలన్న ఉద్దేశంలో తప్పేమీ లేదు గాని, నీటిని విచ్చలవిడిగా వాడే ప్రాంగణం నీటి లక్ష్యాన్ని పక్కన పెట్టేసి ఉన్నత స్థానం పొందడానికి ఈ లెక్కలో అడ్డేమీ లేదు. ఐక్యరాజ్యసమితి పత్రమేమో ఈ లక్ష్యాలు విడదీయరానివని స్పష్టంగా చెప్పింది. భారతదేశంలో జాతీయ మదింపు, గుర్తింపు మండలి (నాక్) గుర్తింపు ప్రక్రియలో ఏడవ ప్రమాణమైన సంస్థాగత విలువలు, ఉత్తమ పద్ధతులు అనే విభాగానికి వెయ్యిలో నూరు మార్కులు ఉన్నాయి. అందులో ఇంధన తనిఖీ, హరిత తనిఖీ వంటివి అడుగుతారు. తనిఖీ జరిగిందా అని అడగడం ఒకటి, ఆ తనిఖీలో తేలిన లోపాలు మరుసటి ఏడాదికి సరిదిద్దారా అని అడగడం మరొకటి. కాగితాలు ఎక్కువగా మొదటిదానికే జవాబు చెబుతాయి.

విషయాన్ని గాలిలో తేలనివ్వకుండా ఒక ప్రాంగణం మీద నిలపడానికి హైదరాబాదు విశ్వవిద్యాలయం తగిన ఉదాహరణ. 1973 నాటి ఆరుసూత్రాల పథకం పర్యవసానంగా, పార్లమెంటు చట్టంతో 1974లో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదట ఆబిడ్స్ ప్రాంతంలో సరోజినీ నాయుడు నివాసమైన గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలిలో దాదాపు 2,300 ఎకరాల నేలకు మారింది. అప్పటికి అది నగరానికి దూరంగా, బస్సు దొరకడమే కష్టమైన చోటు. ఇరవై అయిదేళ్లు తిరిగేసరికి సాఫ్ట్‌వేర్ కంపెనీల భవనాలు, బాహ్యవలయ రహదారి, ఎకరం కోట్లలో పలికే భూమి దాని చుట్టూ చేరాయి. వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుట్టలు, ఒకదాని మీద ఒకటి నిలిచిన బండరాళ్లు, వాటి మధ్య నీటికుంటలు, పొదల అడవి, గడ్డినేల ఉన్న ఈ ప్రాంగణంలో చుక్కల జింకలు, అడవిపందులు, ముళ్లపందులు, కొండచిలువలు, నక్షత్ర తాబేళ్లు, రెండు వందలకు పైగా జాతుల పక్షులు నమోదయ్యాయి. హైదరాబాదు పేరునే శాస్త్రీయనామంలో ధరించిన మురీషియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడు జాతి కూడా ఇక్కడిదే. ఇలాంటి చోట పదిహేడు లక్ష్యాలలో ఏది పెద్దది, ఏది చిన్నది అన్న ప్రశ్నకు నేలే చాలావరకు సమాధానం చెబుతుంది.

ముందుగా విద్యుత్తును చూస్తే, ప్రాంగణాల ఉద్గారాలను, అంటే అవి గాలిలోకి వదిలే హరితగృహ వాయువులను లెక్కించడానికి ప్రపంచవ్యాప్తంగా అనుసరించే పద్ధతి వాటిని మూడు పరిధులుగా విభజిస్తుంది. సంస్థ తన ఆవరణలోనే మండించే డీజిలు, గ్యాసు మొదటి పరిధి. కొనుక్కొనే కరెంటు రెండవ పరిధి. విద్యార్థుల, ఉద్యోగుల రాకపోకలు, విమాన ప్రయాణాలు, కొన్న సిమెంటు, కంప్యూటర్లు, బియ్యం, పారవేసిన చెత్త వీటన్నిటి వెనుక ఉన్న ఉద్గారాలు మూడవ పరిధి. మొదటి రెండింటికి బిల్లులు ఉంటాయి కాబట్టి లెక్క సులువు. మూడవది చిక్కుల పుట్ట, చాలాచోట్ల అన్నిటికంటే పెద్దది. కర్బనరహిత ప్రాంగణమని ప్రకటించుకొనే సంస్థలను అడగవలసిన మొదటి ప్రశ్న ఏ పరిధి వరకు అన్నదే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2015లో చేసిన పని ఈ సందర్భంలో చెప్పుకోదగినది. ప్రయోగశాలలను, గణనయంత్రాలను చల్లబరిచేటప్పుడు బయటికి వచ్చే వేడిని గాలిలోకి వదిలివేస్తూనే, మరోపక్క భవనాలను వెచ్చగా ఉంచడానికి గ్యాసు మండించడం అక్కడ ఏళ్లుగా సాగింది. ఒకే సమయంలో చల్లదనం, వెచ్చదనం రెండూ అవసరమవుతున్న గంటలు ఏడాదిలో ఎక్కువేనని లెక్కలు చూపాయి. దాంతో గ్యాసుతో నడిచే పాత కేంద్రాన్ని మూసివేసి, ఆవిరి గొట్టాల స్థానంలో వేడినీటి గొట్టాలు పరిచి, ఒక భవనం వదిలే వేడిని మరొక భవనానికి చేరవేసే వ్యవస్థను నిర్మించారు. సౌరవిద్యుత్తు కొనుగోలును కలుపుకొని చూస్తే ప్రాంగణపు ఉద్గారాలు గరిష్ఠ స్థాయి నుంచి దాదాపు మూడింట రెండు వంతులు తగ్గాయి. దీనికి అయిన ఖర్చు 48 కోట్ల డాలర్లకు పైమాటే. అంత సొమ్ము భారతీయ విశ్వవిద్యాలయాలకు అందనిదే, అక్కడి వాతావరణం వేరు, అవసరం వేరు. గ్రహించదగినదల్లా పని జరిగిన క్రమం. గంటగంటకూ కొలిచిన లెక్కలు ముందు వచ్చాయి, యంత్రాలు తర్వాత వచ్చాయి. తెలుగునాట చాలా ప్రాంగణాలలో ఒకే ఒక పెద్ద మీటరు ఉంటుంది, నెలకొక బిల్లు వస్తుంది, ఏ భవనం ఎంత వాడిందో ఎవరికీ తెలియదు. ఒక్కొక్క భవనానికి విడి మీటరు బిగించడం ప్రారంభోత్సవానికి నోచుకోని పని కాబట్టి అది వెనక్కి పోతూ ఉంటుంది.

దక్కను పీఠభూమిలో సూర్యరశ్మికి కొదవ లేదు. ఒక మెగావాటు సామర్థ్యమున్న సౌరఫలకలకు ఇంచుమించు లక్ష చదరపుటడుగుల కప్పు కావాలి. అవి ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు ఇస్తాయి. యూనిట్ విద్యుత్తుకు దేశ సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందనుకుంటే అది వెయ్యి టన్నుల పైచిలుకు తగ్గింపు. పెట్టుబడి లేని సంస్థలకు మరొక దారి ఉంది: బయటి కంపెనీ తన ఖర్చుతో ఫలకలు బిగించి, కుదుర్చుకొన్న ధరకు సుమారు పాతికేళ్లు విద్యుత్తును అమ్ముతుంది. ఇక్కడే హద్దుల చిక్కు మళ్లీ తలెత్తుతుంది. విద్యుత్ పంపిణీ సంస్థలు తాము సరఫరా చేసే విద్యుత్తులో కొంత శాతం పునరుత్పాదక వనరుల నుంచి ఉండాలన్న నిబంధనకు లోబడి ఉంటాయి. విశ్వవిద్యాలయపు కప్పు మీద పుట్టిన యూనిట్‌ను అవి తమ ఖాతాలో చూపుకొనే వీలుంది. అదే యూనిట్ విశ్వవిద్యాలయపు కరపత్రంలోనూ ఉంటుంది. ఆకాశంలోకి వెళ్లకుండా ఆగిన వాయువు ఒక్కటే, ఆపామని చెప్పుకొనేవారు ఇద్దరు.

ఉత్పత్తి కంటే పొదుపు చవక అన్నది ఇంజనీర్లందరికీ తెలిసిన సత్యమే అయినా ఆచరణలో ఇది ఓడిపోతూ ఉంటుంది. ఓడించేది సాంకేతికత కాదు, ఖజానా పద్ధతి. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకొంటే బ్రష్షులు లేని మోటారు ఉన్న కొత్తరకం ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. వెయ్యి గదుల హాస్టలులో రోజుకు పన్నెండు గంటల వాడకం మీద 540 యూనిట్లు మిగులుతాయి, అదనంగా పెట్టిన ధర రెండేళ్లలోపే తిరిగి వస్తుంది. కాని ఫ్యాను కొనవలసింది మూలధన పద్దు నుంచి, కరెంటు బిల్లు కట్టేది రోజువారీ ఖర్చుల పద్దు నుంచి. రెండవ పద్దులో మిగిలిన రూపాయి మొదటి పద్దులోకి నడిచి రాదు. పైగా ఈ ఏడాది తక్కువ ఖర్చుపెట్టిన విభాగానికి వచ్చే ఏడాది కేటాయింపు తగ్గుతుంది. దీనికి తోడు టెండర్లలో అతి తక్కువ ధర కోట్ చేసినవారికే పని దక్కే ఆనవాయితీ ఉండటంతో, యంత్రం జీవితకాలమంతా తినే కరెంటు ఎవరి లెక్కలోకీ రాదు. హార్వర్డు విశ్వవిద్యాలయం ఈ ముడిని విప్పడానికి ఒక తిరుగుడు నిధిని ఏర్పాటుచేసి కోటీ ఇరవై లక్షల డాలర్ల వరకు పెంచింది. విభాగాలు ఆ నిధి నుంచి అప్పు తీసుకొని పొదుపు పరికరాలు బిగించుకొంటాయి, తగ్గిన బిల్లుల సొమ్ముతోనే అప్పు తీరుస్తాయి, ఆ సొమ్ము మరొక విభాగానికి వెళుతుంది. పల్లెల్లో డ్వాక్రా సంఘాలను నడిపిన మహిళలకు ఈ పద్ధతిని వివరించవలసిన పని లేదు. ఒక ఫైనాన్స్ ఆఫీసరు ఆమోదంతో మొదలుపెట్టగల ఇంత చిన్న ఏర్పాటు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలో విరివిగా కనిపించకపోవడం వింతే.

నీటి సంగతి మరింత లోతుగా చూడవలసినది. పట్టణ ప్రాంతాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న ప్రమాణాన్ని తీసుకొంటే, అయిదువేల మంది నివసించే ప్రాంగణానికి రోజుకు ఆరు లక్షల డెబ్భై అయిదు వేల లీటర్లు కావాలి; అందులో ఎనభై శాతం, అంటే అయిదు లక్షల నలభై వేల లీటర్లు మురుగుగా బయటికి వస్తుంది. హైదరాబాదుకు ఈ నీరు మంజీర, సింగూరుల నుంచి, వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఎత్తిపోసిన కృష్ణ నుంచి, గోదావరి నుంచి వస్తుంది. కనుక ఇక్కడ ఒక కుళాయి కారుతున్నదంటే నీరే కాదు, ఎత్తిపోతకు అయిన కరెంటు కూడా కారుతున్నది. ఆరవ లక్ష్యాన్ని ఏడవ లక్ష్యం నుంచి విడదీసి నివేదిక రాయడం కాగితం మీదనే సాధ్యం. ఇక బోరుబావుల మాటకు వస్తే, గ్రానైటు నేలలో నీరు నిలిచేది పైపొరగా ఉన్న శిథిలశిలలో, దాని కింది పగుళ్లలో మాత్రమే. ఆ పొర ఎండిపోయాక వెయ్యి అడుగులు తవ్వినా దొరికేది పాత పగుళ్లలోని కొద్దిపాటి నీరు. పైగా ఆ పగుళ్లకు ప్రహరీలు తెలియవు, ప్రాంగణంలో ఇంకిన వాన బయటి అపార్టుమెంటు బోరులో తేలవచ్చు, బయటి బోరు ప్రాంగణపు కుంటను ఎండగట్టనూవచ్చు.

ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడే హైదరాబాదులో వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద ఎనిమిది లక్షల లీటర్లు కురుస్తుంది. ఇంకుడుగుంతలు తవ్వి అందులో ఎక్కువ భాగాన్ని నేలలోకి పంపవచ్చునన్నది అందరూ చెప్పే మాట. రెండేళ్లకొకసారి ఆ గుంతలలోని పూడిక తీయకపోతే అవి సిమెంటు వరల మధ్య గులకరాళ్ల గుట్టలుగా మిగిలిపోతాయన్నది ఎస్టేటు విభాగంలో పనిచేసేవారు మాత్రమే చెప్పే మాట. మురుగునీటి శుద్ధి కేంద్రాలదీ అదే కథ. శుద్ధిచేసిన నీటిని మరుగుదొడ్లకు వాడాలంటే భవనంలో రెండు వరుసల గొట్టాలు కట్టేటప్పుడే వేయాలి, తర్వాత గోడలు పగలగొట్టి వేయడానికి ఎవరూ సాహసించరు. కేంద్రాన్ని నడపడానికి శిక్షణ పొందిన మనిషి, నిరంతర విద్యుత్తు, రోజూ నీటి పరీక్ష కావాలి. నిర్మాణానికి నిధులు ఇచ్చే పథకాలు బోలెడు, నిర్వహణకు ఇచ్చేవి అరుదు. నిర్వహణ వ్యయాన్ని పదేళ్లకు ముందే కేటాయించకుండా ఏ శుద్ధి కేంద్రానికీ అనుమతి ఇవ్వరాదన్న ఒక్క నియమం పాలకమండలి చేసినా ఆరవ లక్ష్యానికి అది చేసే మేలు ఒక అంతర్జాతీయ సదస్సు కంటే ఎక్కువ.

హాస్టలు మెస్సు గురించి పండిత గ్రంథాలు ఎక్కువగా మాట్లాడవు, కాని పన్నెండవ లక్ష్యమైన బాధ్యతాయుత వినియోగానికి అసలు పరీక్ష అక్కడే. రోజుకు సగటున వంద కిలోలకు మించి చెత్త పుట్టించే సంస్థలను 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు భారీ ఉత్పత్తిదారులుగా పరిగణించి, తడిచెత్త, పొడిచెత్త, గృహ ప్రమాదకర వ్యర్థాలను వేరుచేయాలని, తడిచెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చాలని నిర్దేశించాయి. రెండు మూడు పెద్ద మెస్సులున్న ఏ విశ్వవిద్యాలయమైనా ఈ పరిధిలోకి వస్తుంది. తెలుగునాట విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో చిరకాలంగా నడుస్తున్న డివైడింగ్ మెస్సు పద్ధతిలో నెల మొత్తం ఖర్చును తిన్నవారందరి మధ్య పంచుతారు. పళ్లెంలో వదిలేసిన అన్నం బిల్లుగా తిరిగి వస్తుందన్న ఎరుక అందులో అంతర్లీనంగా ఉంటుంది, విద్యార్థుల మెస్ కమిటీ సరుకుల కొనుగోలును స్వయంగా చూస్తుంది. ఇదే పనిని కేటరింగ్ కాంట్రాక్టరుకు తలకింత అని అప్పగించినచోట వృథా ఎవరి జేబుకూ తగలదు, ఎవరి కంటికీ కనబడదు. సుస్థిరత పేరిట కొత్త యాప్‌లు కొనే ముందు, నలభై యాభై ఏళ్లుగా విద్యార్థులే నడుపుకొంటున్న ఈ లెక్కను చదివితే బాగుంటుంది. హైదరాబాదులో చెత్తను వేరుచేయకుండా లారీకెత్తితే అది చేరేది నగర శివారులోని జవహర్‌నగర్ చెత్తగుట్టకు. అక్కడి దుర్గంధాన్ని, కలుషితమైన భూగర్భజలాన్ని భరించే కుటుంబాలు విశ్వవిద్యాలయపు మూల్యాంకన పత్రంలో ఏ గడిలోనూ కనిపించవు.

పదిహేనవ లక్ష్యం భూమి మీది జీవజాలానిది. ప్రాంగణాలలో దీనికి ఆచరణరూపం సాధారణంగా మొక్కలు నాటడం. అయితే దక్కను పొదల అడవి, గడ్డినేల ఖాళీ స్థలాలు కావు. వాటికి తమవైన పక్షులు, పురుగులు, పాకే జీవులు ఉన్నాయి. గడ్డినేలను దున్ని వరుసలుగా సుబాబులు, కోనోకార్పస్ వంటి పరాయి జాతులను నాటితే పచ్చదనం పెరుగుతుంది, జీవవైవిధ్యం తరుగుతుంది. నేలను దాని మానాన వదిలేయడం కూడా ఒక ఆచరణేనని అంగీకరించడానికి పరిపాలనకు కొంత ధైర్యం కావాలి, ఎందుకంటే వదిలేసిన నేలకు ఫొటో ఉండదు, ఖాళీగా ఉన్నదని ఎవరో ఒకరు అడుగుతారు.

హైదరాబాదు విశ్వవిద్యాలయం విషయంలో అలా అడగడం చాలాసార్లు జరిగింది. తొలినాళ్లలో చూపిన 2,300 ఎకరాలలో కొంత కొంత భాగం దశాబ్దాల మీద ఇతర సంస్థలకు, క్రీడాప్రాంగణానికి, రహదారులకు వెళ్లింది. నేల వాడుకలో ఉన్నదే గాని దాని యాజమాన్యపు పత్రాలు విశ్వవిద్యాలయం పేరున పూర్తిగా బదిలీ కాలేదు. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు 2000వ దశకం ఆరంభంలో ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు కేటాయింపు పొంది, 2006లో ఆ కేటాయింపు రద్దయి, సుదీర్ఘ న్యాయవివాదం తర్వాత ప్రభుత్వ భూమిగా నిలిచాయి. 2025 మార్చి 30న, ఉగాది నాడు, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ తరఫున భారీ యంత్రాలు అక్కడ చెట్లను తొలగించడం మొదలుపెట్టగా విద్యార్థులు అడ్డుకొన్నారు, అరెస్టులు జరిగాయి. హైకోర్టు రిజిస్ట్రారు పరిశీలనలో సుమారు నూరు ఎకరాల మేర చెట్లు పోయినట్టు తేలింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను నిలిపివేసింది. ఆ భూమి విశ్వవిద్యాలయానిది కాదు, అటవీశాఖదీ కాదన్నది ప్రభుత్వ వాదన. అడవి అనే మాటను యాజమాన్యంతో నిమిత్తం లేకుండా నిఘంటువు అర్థంలోనే తీసుకోవాలని సుప్రీంకోర్టు 1996లో గోదావర్మన్ కేసులో చెప్పిన సూత్రం, దాన్ని అడవిగానే చూడాలన్న ఎదుటి వాదనకు ఆధారం.

భూమి ఎవరిదన్న వివాదంలోకి ఇక్కడ దిగవలసిన అవసరం లేదు. సుస్థిరత లెక్కకు సంబంధించినంతవరకు ఆ ఘటన బయటపెట్టిన సంగతి వేరు. జింక తిరిగే మేర, కుంటలోకి నీరు పారే వాలు, పక్షి గూడు కట్టే పొద, ఇవన్నీ పట్టాదారు రికార్డుతో పొసగవు. విశ్వవిద్యాలయం తన పదిహేనవ లక్ష్యాన్ని పట్టా ఉన్న ఎకరాలకే పరిమితం చేసుకొంటే, గోడ అవతల జరిగే ప్రతి నరికివేత తన నివేదికను తాకకుండానే తన కుంటలను ఎండగడుతుంది. జీవజాలపు జాబితాలను ముందునుంచి పద్ధతిగా తయారుచేసి, ప్రచురించి, తేదీలతో భద్రపరచిన ఆచార్యుల, విద్యార్థుల, పక్షి పరిశీలకుల శ్రమ ఆ రోజుల్లో చర్చకు ఆధారమైంది. పరిశోధన అన్న పనికి ప్రాంగణంలో ఇంతకంటే ప్రత్యక్షమైన ప్రయోజనం ఊహించడం కష్టం.

ఇంతవరకు చెప్పినవన్నీ నేలకు, నీటికి, నిప్పుకు సంబంధించినవి. పదిహేడు లక్ష్యాలలో మనుషులకు సంబంధించినవే ఎక్కువన్న విషయం హరిత ప్రాంగణం అన్న పలుకుబడిలో మరుగునపడుతుంది. ఎనిమిదవ లక్ష్యం గౌరవప్రదమైన పని గురించినది. ప్రాంగణాలలో ఊడ్చేవారు, కాపలా కాసేవారు, తోటమాలులు, మెస్సు కార్మికులు చాలామంది ఏజెన్సీల ద్వారా వచ్చినవారే. వారి భవిష్యనిధి, సెలవులు, వేసవిలో ఎండపూట విశ్రాంతి విశ్వవిద్యాలయపు బాధ్యత అవునా కాదా అన్న ప్రశ్నకు, కాంట్రాక్టు పత్రంలో ఉన్నదే జవాబు. టెండరులో తక్కువ ధరకే పని అని రాసినప్పుడు ఆ తగ్గింపు ఎవరి కూలిలోంచి వస్తుందో ఊహించలేనిది కాదు.

పదవ లక్ష్యం అసమానతల తగ్గింపు. ఈ లక్ష్యాలు అధికారికంగా అమలులోకి వచ్చింది 2016 జనవరి 1న. అదే నెల 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించారు. ఉన్నత విద్యాసంస్థలలో కులవివక్ష మీద దేశమంతటా ఆ మరణం లేపిన చర్చ నేటికీ ముగియలేదు. ఫెలోషిప్పు సమయానికి అందుతున్నదా, ఫిర్యాదు వినే కమిటీలో ఎవరున్నారు, మొదటి తరం విద్యార్థి చదువు మధ్యలో మానేస్తే కారణం ఎవరైనా నమోదు చేస్తున్నారా అన్నవి సౌరఫలకలకంటే ఏమాత్రం తక్కువ కాని సుస్థిరత ప్రశ్నలు. లైంగిక వేధింపుల నివారణకు 2013 చట్టం, 2015 నాటి యూజీసీ నిబంధనలు అంతర్గత కమిటీని తప్పనిసరి చేశాయి. కమిటీ ఉన్నదన్న సంఖ్య సులువుగా దొరుకుతుంది, అది ఎన్ని ఫిర్యాదులను ఎంతకాలంలో పరిష్కరించిందన్న సంఖ్య కోసం వెతకాలి.

బోధన విషయానికి వస్తే, ఎం.సి.మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశం తర్వాత పర్యావరణ విద్య తప్పనిసరి అయి, డిగ్రీ స్థాయిలో ఒక పేపరుగా స్థిరపడింది. పరీక్ష ముందు రాత్రి గైడు చూసి రాసే పేపరుగా అది మారిపోయిందన్నది అధ్యాపకులు బహిరంగంగా ఒప్పుకొనే రహస్యం. ప్రాంగణాన్నే సజీవ ప్రయోగశాలగా, అంటే అక్కడి మీటర్లను, గొట్టాలను, కుంటలను, చెత్తకుండీలను పాఠ్యవస్తువులుగా చేసుకొనే పద్ధతి ఈ జబ్బుకు మందు కాగలదు. అర్థశాస్త్ర విద్యార్థి టెండరు పత్రంలో జీవితకాలపు ఖర్చును లెక్కవేయవచ్చు, భౌతికశాస్త్ర విద్యార్థి హాస్టలు కరెంటు వాడకపు గీతను గీయవచ్చు, సామాజికశాస్త్ర విద్యార్థి కార్మికుల రాకపోకల దూరాన్ని నమోదు చేయవచ్చు, తెలుగు శాఖ విద్యార్థి చుట్టుపక్కల ఊళ్లలోని పెద్దలు ఈ కుంటలకు, గుట్టలకు వాడే పేర్లను సేకరించవచ్చు. దీనికి అడ్డుపడేది డబ్బు లేకపోవడం కాదు. ఎస్టేటు విభాగం దగ్గర ఉన్న లెక్కలు తరగతి గదికి అందకపోవడం, ఇంజనీరింగు విభాగపు తప్పు విద్యార్థి థీసిస్‌లో బయటపడుతుందేమోనన్న జంకు ఇందుకు అడ్డు.

ఈ జంకును తీర్చే ఏర్పాటు కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టాలలోనే ఉంది. వాటి వార్షిక నివేదిక, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీచేసిన పద్దులు పార్లమెంటు ఉభయసభల ముందుకు ఏటా వెళతాయి. కరపత్రం ఎవరికి వారు రాసుకొనేది కాగా, ఈ నివేదికను ప్రశ్నించే హక్కు సభ్యులకు ఉంది. కరెంటుకు, నీటికి, డీజిలుకు, చెత్త తరలింపుకు, ఏజెన్సీ కార్మికులకు అయిన ఖర్చు రూపాయలలో ఆ పద్దులలో ఇప్పటికే ఎక్కుతున్నది. వాటి పక్కనే యూనిట్లు, లీటర్లు, టన్నులు, మనుషుల సంఖ్య కూడా రాసి, ఏ లెక్క ఎక్కడ ఆపారో ఒక వాక్యంలో చెప్పడానికి కొత్త చట్టం గాని, కొత్త నిధి గాని అక్కరలేదు, పాలకమండలి ఒక తీర్మానం చేస్తే వచ్చే ఆర్థిక సంవత్సరం నుంచే మొదలుపెట్టవచ్చు.